మెచ్చుకున్న సరుకు

శాసనసభలో మొదటిసారి అడుగుపెట్టిన రోజు షావుకారు చేతిలో ఉన్న పెట్టుబడి ఏమంత పెద్దది కాదు. గింజల వ్యాపారంలో ఏళ్ల తరబడి నలిగిన నోరు ఒకటి, మనిషి ముఖం చూసి బేరం తెగుతుందో లేదో చెప్పగల చూపు ఒకటి, దూలం అనే మనిషికి ఇచ్చిన మాట ఒకటి. మొదటి రెండూ తన సొంతం. మూడోది మాత్రం ఇంకొకరి సరుకు, భద్రంగా ఉంచమని తన దగ్గర పెట్టింది.

దూలం షావుకారు కొట్లో బస్తాలు మోసిన హమాలీ. వంద కిలోల బస్తా వీపున వేసుకుని గోదాము మెట్లెక్కుతూ, కిందున్నవాళ్లతో పరాచికాలాడేవాడు. ఆ పేరు అలా వచ్చిందే. ఒకరోజు మెట్టు మీద కాలు జారి, బస్తాతో సహా కిందపడ్డాడు. బస్తా అతని నడుము మీద పడింది. ఆసుపత్రి మంచం మీద కూడా అతని నోరు ఊరుకోలేదు.

"షావుకారూ, బస్తా చిరగలేదు కదా?" అని నవ్వాడు. తరవాత గోడకేసి చూస్తూ, "నా కూతురు నా చోట్లో చేరతానంటోంది. దాని వీపు మీద కూడా వందేనా?" అన్నాడు.

షావుకారు అప్పుడే ఎన్నికల్లో నిలబడి ఉన్నాడు. "సభలోకి వెళ్తే బస్తాని యాభైకి దించేలా చట్టం తెస్తాను," అనేశాడు. అన్నాక వెనక్కి తీసుకునే మాట కాదది.

ఆ సంగతి విని, కొట్టు చూసుకుంటున్న బామ్మర్ది తల పట్టుకున్నాడు. "బావా, మనమొక్కళ్లం యాభై కుడితే ఏమవుతుందో తెలుసా? కూలి బస్తాకింతని ఇస్తాం. రెట్టింపు కూలి, రెట్టింపు గోనె. పక్క కొట్టువాడు మన ఖాతాదార్లని కూర్చున్నచోటే ఎగరేసుకుపోతాడు."

"అందుకేరా చట్టం కావాలంటున్నది. అందరూ ఒకేసారి దించితే ఎవడికీ దెబ్బ తగలదు."

"సరే, చట్టం రానీ. ఈలోగా మీ సభవాళ్ల చేత ఒక్కసారి బస్తా ఎత్తించి చూడు, ఓట్లు వాటంతటవే పడతాయి."

సభ్యులు సొంతంగా తెచ్చే బిల్లులకీ నోటీసులకీ ఆ సభలో శుక్రవారం మధ్యాహ్నం ఒకే ఒక్క గంట ఇస్తారు. చర్చ మొదలై, ఓటింగ్ జరగకుండా బెల్లు మోగిందా, ఆ బిల్లు అటకెక్కినట్టే. రెండేళ్లుగా షావుకారు బిల్లు చర్చదాకా కూడా రాలేదు. ప్రతి శుక్రవారం ఒక పక్షం లేచి అరుస్తుంది, రెండో పక్షం ఇంకా గట్టిగా అరుస్తుంది, అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకుని సభ వాయిదా వేస్తాడు.

షావుకారుకి ఈ లెక్క కొరుకుడుపడలేదు. బజారులో బేరం చెడితే ఇద్దరికీ నష్టం. అమ్మేవాడి గింజకి పురుగు పడుతుంది, కొనేవాడి మర ఖాళీగా తిరుగుతుంది. అందుకని ఎంత తిట్టుకున్నా పొద్దుగూకేలోగా ఒక ధరకి వస్తారు. ఇక్కడ బేరం చెడితే బాగుపడేవాళ్లే ఎక్కువ. అరిచినవాడి ఫోటో మర్నాడు పేపర్లో పడుతుంది. పని జరిపించినవాడి ముఖం ఎవరికీ తెలియదు. సరుకు కుళ్లుతుంది సరే, కుళ్లేది వీళ్ల సరుకు కాదు కదా.

అయినా షావుకారు ఊరుకోలేదు. తన పక్షంలో చాలామందిని విడివిడిగా పట్టుకుని ఒప్పించాడు. ఆ తరవాత ఎదుటి పక్షంలో నర్సమ్మని కలిశాడు. ఆవిడ సభలోకి రాకముందు పాతికేళ్లు ఆసుపత్రిలో పనిచేసింది. అక్కడి ప్రసూతి వార్డులో కరెంటు పోతే జనరేటర్ లేక పసిబిడ్డలు పోతున్నారని ఆవిడ ఇచ్చిన నోటీసు, వచ్చే శుక్రవారం పనుల్లో షావుకారు బిల్లు వెనకే ఉంది. క్యాంటీన్‌లో మూల బల్ల దగ్గర ఇద్దరూ టీ గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"మా వాళ్ల నోళ్లు కట్టేసే పూచీ నాది అన్నగారూ," అంది నర్సమ్మ. "మీరు అరగంటలో తెమల్చుకుని ఓటింగ్ పెట్టించుకోండి. మిగతా అరగంట నాకొదలండి."

"మీ వాళ్లు ఓటేస్తారా అమ్మా?"

"వేయిస్తాను. బస్తాల కింద నలిగిన నడుములు నేను చూడనివా?"

"అయితే బేరం తెగింది," అన్నాడు షావుకారు. రెండేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

శుక్రవారం వచ్చింది. పార్టీవాళ్లు ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో చెప్పే పెద్దమనిషి విప్, లాబీలో ఎదురొచ్చి మరీ భుజం తట్టాడు. "షావుకారు గారూ, ఇవాళ మీ రోజండీ. మీ బిల్లు మీద మన వాళ్లు పదిమంది మాట్లాడతారు. అందరూ అనుకూలమే!"

షావుకారు గుండె పొంగింది. పైన సందర్శకుల వరసలో బామ్మర్ది పక్కన దూలం కూర్చుని ఉన్నాడు. పడ్డ దగ్గర్నుంచి ఎక్కువసేపు కూర్చోలేడు. నిలబడితే కాపలావాళ్లు ఒప్పుకోరు. అరగంటే కదా, ఓర్చుకుంటానని వచ్చాడు.

షావుకారు చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. అతని పక్షం నుంచి ఒకాయన లేచి ఇంత మంచి బిల్లు తన జన్మలో చూడలేదన్నాడు. రెండో ఆయన తన తాత బస్తాలు మోసిన వైనం చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. మూడో ఆయన షావుకారు మనసు వెన్న అన్నాడు. నాలుగో ఆయన గోనెసంచి పుట్టుపూర్వోత్తరాల దగ్గర మొదలుపెట్టాడు. ఎదుటి పక్షం ఇచ్చిన మాట ప్రకారం కిమ్మనకుండా కూర్చుంది. నర్సమ్మ ఒకసారి గోడ గడియారం కేసి చూసింది, ఒకసారి షావుకారు కేసి చూసింది.

షావుకారు తలెత్తి పైకి చూశాడు. దూలం ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. చొక్కా చెమటకి అతుక్కుపోయింది. కాస్త లేవబోతే కాపలా మనిషి భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

అప్పుడు వెలిగింది షావుకారుకి. కొట్లో ఇన్నేళ్లు కూర్చుని చూసినదేమిటి? కొనేవాడు గింజ నోట్లో వేసుకుని కొరుకుతాడు. తడి ఉందంటాడు, రాళ్లున్నాయంటాడు, విసురుగా వెళ్లిపోయి మళ్లీ వస్తాడు. ఆహా ఏం గింజ, ఏం గింజ అన్నవాడు మాత్రం చేతులు దులుపుకుని పోతాడు. ఇప్పటికి నలుగురు మాట్లాడారు. ఒక్కడంటే ఒక్కడు వంక పెట్టలేదు. ఇంత తెలిసిన తను, పొగడ్త వినగానే గల్లాపెట్టె దగ్గర కుర్రకుంకలా మురిసిపోయాడు.

లేచి విప్ దగ్గరికి వెళ్లి వంగాడు. "చాలండీ, ఓటింగ్ పెట్టించండి."

"తొందరేం? ఇంకా ఆరుగురున్నారు."

"టైమైపోతుంది."

"అవ్వాలనే కదండీ," అన్నాడు విప్, చిరునవ్వు చెదరకుండా. "ఆవిడ ఆసుపత్రి గొడవ ఇవాళ సభలోకి రాకూడదని మంత్రిగారి కోరిక. మీ బస్తాని ఆ తలుపుకి అడ్డంగా పెట్టాం. మీకు పోయిందేముంది? రేపు పేపర్లో మీ పేరే."

"ఓటింగ్ నేనే అడిగితే?"

"అడగండి. మన వాళ్లు వద్దంటారు. మన వాళ్లే ఎక్కువ. మళ్లీ టికెట్టు కావాలా వద్దా, అది కూడా ఆలోచించుకోండి."

షావుకారు తన చోటికి వచ్చి కూర్చున్నాడు. ఓటింగ్ అడిగితే బిల్లు ఓడుతుంది. ఊరుకుంటే బెల్లు మోగి అటకెక్కుతుంది. ఎటు చూసినా సరుకు పోయినట్టే. ఇక మిగిలింది ఒక్కటి. బిల్లు తెచ్చినవాడు వెనక్కి తీసుకుంటానంటే చర్చ అక్కడికక్కడే ఆగిపోతుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాకపోతే తీసుకున్నవాడు ఆ సభ రద్దయ్యేదాకా దాన్ని మళ్లీ తేలేడు. మళ్లీ పైకి చూశాడు. దూలం కళ్లు మూసుకుని ఉన్నాడు.

షావుకారు లేచాడు. "అధ్యక్షా, నా బిల్లు వెనక్కి తీసుకుంటున్నాను."

గోనెసంచి చరిత్ర చెబుతున్నాయన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అధ్యక్షుడు కళ్లజోడు తీశాడు. "ఇంతమంది మెచ్చుకుంటుంటేనా?"

"మెచ్చుకునేవాళ్లు కొనరు అధ్యక్షా. దారికి అడ్డంగా ఉంది, బస్తా తీసేస్తున్నాను. వెనకున్నవాళ్లని రానివ్వండి."

ఎదుటి పక్షంలో నవ్వులు లేచాయి. నర్సమ్మ నవ్వలేదు. లేచి, ఉపోద్ఘాతం లేకుండా, చనిపోయిన పసిబిడ్డల సంగతి మొదలుపెట్టింది. చివరికి మంత్రి నిలబడక తప్పలేదు. వచ్చే నెలలో జనరేటర్ పెట్టిస్తామన్నాడు. ఆ మాట రికార్డులోకి ఎక్కాకే షావుకారు పక్షం తేరుకుని అరవడం మొదలుపెట్టింది. సభ వాయిదా పడింది.

బయట వరండాలో దూలం గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. "నొప్పిలో చివరికేం జరిగిందో తెలియలేదు. నెగ్గిందా షావుకారూ? అందరూ మంచిదనే అన్నారుగా?"

"లేదు. నేనే వెనక్కి తీసుకున్నాను."

దూలం గోడ మీద వీపు సర్దుకున్నాడు. "అయితే రేపు పొద్దున నా కూతురు..."

"వందే."

బామ్మర్ది దూలం మోచేతి కింద చెయ్యి వేసి ఆసరా పట్టాడు. దూలం తల ఊపాడు. "తీసేవాళ్లు ఆ గోనెసంచాయన లేవకముందే తీసుంటే, నాకు నడుమైనా మిగిలేది." నవ్వబోయాడు గానీ నొప్పికి నవ్వు సగంలో ఆగింది.

అంతలో నర్సమ్మ వచ్చింది. "అన్నగారూ, మళ్లీ సమావేశాలకి ఈ బిల్లు నా పేరుతో పెడతాను."

"మీరిటు లేరు కదమ్మా. మా వాళ్లు ఓటెయ్యరు."

"మీరు వేస్తారా?"

"వేస్తాను."

"అయితే మీ వైపు నుంచి ఒకటి. దాంతోనే మొదలుపెడతాను," అని వెళ్లిపోయింది.

బామ్మర్ది కారు తేవడానికి వెళ్లాడు. షావుకారు మెట్ల మీద నిలబడి లెక్క చూసుకున్నాడు. బిల్లు పోయింది, టికెట్టు పోయింది. వచ్చినదాంట్లో జనరేటర్ ఒకటి, మంత్రి నోటి మాట కనక దాన్ని సగం కింద కట్టాలి. అవతలి బెంచీల్లో ఒక మనిషి నమ్మకం, అది మాత్రం నిఖార్సైన సరుకు. దూలానికి ఇచ్చిన మాట ఇంకా తన దగ్గరే ఉంది. దాని తూకంలో ఒక్క గింజ తగ్గలేదు.