సబీహా చెప్పిన మాట

సబీహా పడుగు దారాల మధ్య నుంచి ఎర్ర ఉన్నిపోగు లాగి ముడివేసింది, కొసను కత్తితో కోసింది. మళ్ళీ పోగు, మళ్ళీ ముడి. ఏలూరు తంగెళ్లమూడిలోని ఈ రేకుల షెడ్డులో, మగ్గం ముందు బల్ల మీద ఆమె తొమ్మిదో ఏట మొదటిసారి కూర్చుంది. ఇప్పుడు చూపుడువేలి కొస మొద్దుబారిపోయి, వేడి పాలగిన్నె పట్టుకున్నా తెలియదు. నడుము కాస్త ఎడమకి ఒరిగింది. ఆమె నేసిన తివాచీలు ఓడలెక్కి వెళ్లాయి. ఆమె మాత్రం తాడేపల్లిగూడెం దాటలేదు.

పక్కన కూతురు షాయిస్తా కూడా ముడులు వేస్తోంది. సైన్యంలో అగ్నివీర్‌గా ఎంపికైంది. సాయంత్రం బెంగళూరు రైలెక్కాలి. వట్లూరు కాలేజీలో డిగ్రీ సీటూ వచ్చింది.

“ఇంకోసారి ఆలోచించుకోవే. మీ నాన్న ఉంటే కాలేజీకే పంపేవారు.”

“ఆలోచించానమ్మా. కాలేజీకి ఇరవై రెండేళ్లకైనా వెళ్లొచ్చు. దీనికి అప్పుడు రానివ్వరు.”

ఏడాదిగా తెల్లవారకముందే లేచి కాలవగట్టున పరుగెత్తింది ఆ పిల్ల. ఒకసారి మోకాలు చీరుకుపోయి వచ్చి, పసుపు అద్దించుకుని, మర్నాడు కుంటుతూనే వెళ్లింది.

మధ్యాహ్నం సబీహా అన్న అబ్దుల్ వచ్చాడు. పవర్‌పేటలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. సబీహా భర్త పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు అతనే. సీటు కోసం తిరిగిందీ అతనే.

“నాలుగేళ్లకి చాలామందిని ఇంటికి పంపేస్తారంటమ్మా. అప్పుడు దీని గతేంటి? రేపే కాలేజీలో చేర్పించేద్దాం. నువ్వు చెప్తే వింటది, చెప్పు.”

షాయిస్తా చేతులు ఆగాయి.

పుస్తకాలు పట్టుకుని పొద్దుగూకేసరికి ఇంటికొచ్చే కూతుర్ని సబీహా కూడా ఎన్నోసార్లు ఊహించుకుంది. కానీ తన బతుకులో ఎవరూ రెండు దారులు చూపించి, ఏది కావాలే అని అడగలేదు. బల్ల చూపించారు, కూర్చుంది.

ఇనుప దువ్వెనతో ముడుల వరసను గట్టిగా దిగ్గొట్టింది.

“పంపేస్తే అప్పుడే చదువుకుంటదన్నయ్యా. నేనే దగ్గరుండి చేర్పిస్తాను. ఇప్పుడు మాత్రం మీరు ఆపకండి.”

అబ్దుల్ లేచి, “పెట్టె బరువుగా ఉందా అమ్మాయ్? ఉండు, ఆటో తెస్తాను,” అన్నాడు.

ఏలూరు స్టేషన్లో రైలు ఎక్కువసేపు ఆగలేదు. షాయిస్తా తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. ముందురోజే కురచగా కత్తిరించుకున్న జుట్టు గాలికి లేచింది. సబీహా ఏడవలేదు. రైలు చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా నిలబడి, అన్నతో ఇంటికి వచ్చి లైటు వేసింది.

కిటికీ గూట్లో షాయిస్తా పెద్ద నల్ల జడక్లిప్పు ఉంది. దాని పళ్ల మధ్య పొడవాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది.