ఖాళీ తుపాకికి పూజేంది

ముప్పై ఏళ్ల కాపురంలో బాలనర్సయ్య నోరు మూతపడటం భాగ్యమ్మ ఒక్కనాడూ చూడలేదు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆయన తుపాకి కాపలాదారు. గేటు దగ్గర ఎవరు దొరికినా ఒకటే కథ: ఇక్కడ అద్దాల మేడలు లేవక ముందు, ఈ గుట్టల్లో తాను చిరుతపులిని తరిమానని.

ఆ ఏటి దసరాకు ఆఫీసువాళ్లు కంప్యూటర్లకు బొట్లు పెట్టి ఆయుధపూజ చేస్తుంటే, ఈయన తన తుపాకిని కూడా వాటి పక్కన నిలబెట్టాడు. అంతటితో ఊరుకోవచ్చుగా! "ఖాళీ తుపాకికి పూజేంది? ఆకలిగొన్నోనికి దండం పెట్టినట్టు!" అని లోపల తూటా వేశాడు. బంతిపూల దండ చుట్టాడు. గొట్టం చివర కుంకుమ పెడదామని వంగేసరికి దండ దారం ట్రిగ్గర్‌కు చిక్కుకుంది. దారం లాగాడు.

ఢాం!

తూటాలోని చిన్న గుండ్లు చాలావరకు పైకప్పులోకి పోయాయి. కొన్ని మాత్రం ఎడమ దవడను విరిచి, చెంపను చీల్చాయి.

మేనేజరు యజ్ఞనారాయణ పరుగున వచ్చాడు. "వెల్లకిలా పడుకోబెట్టండి! నోట్లో కాసిని నీళ్లు పోయండి!"

"పండవెట్టకుండ్రి!" ప్రసాదానికి ఉడికించిన శనగ గుడాలు తెచ్చిన భాగ్యమ్మ గిన్నె పక్కన పడేసి ఉరికొచ్చింది. సర్కారు దవాఖానలో, దెబ్బలు తగిలినవాళ్ల వార్డులో పదేళ్లు ఆయాగా చేసిన మనిషి ఆమె. "నెత్తురంత గొంతులకు దిగి ఊపిరి ఆగుతది సారూ. ఒక్క చుక్క నీళ్లు గూడ వద్దు."

మొగుణ్ని కూర్చోబెట్టి ముందుకు వంచింది. నెత్తురు బయటికి కారనిచ్చింది. నోట్లో కనిపిస్తున్న విరిగిన పన్ను తీసేసింది. ఉతికిన తువ్వాలుతో చెంపను అదిమి పట్టింది. చర్మంలో దిగిన గుండ్లను ఎవరినీ ముట్టనివ్వలేదు.

కంపెనీ జీపులోనూ అలాగే వంచి కూర్చోబెట్టింది. దారిలో ఆయన కళ్లు మూతలు పడసాగాయి. ఈ కళ్లు మూసుకుంటే మళ్లీ తెరుస్తాడో లేదో! ఏం చేయాలో తోచక భాగ్యమ్మ నోటికొచ్చింది అందుకుంది.

"డ్రైవరన్నా, మా ఆయన చిరుతపులి కథ ఇన్నవా? పులి లేదు, గిలి లేదు. అది సాయమ్మోళ్ల కుక్క. అదే ఈయన్ని తరిమింది. చెప్పులిడిసి ఉరికిండు!"

కళ్లు ఠక్కున తెరుచుకున్నాయి. బాలనర్సయ్య ఆమె మణికట్టు గట్టిగా నొక్కాడు.

"నొక్కు, ఇంకా నొక్కు. బక్క కుక్క. తోక గూడ లేకుండె."

దవాఖాన చేరేసరికి ఆ కుక్క కాస్తా కుక్కపిల్ల అయింది. ఆయన మాత్రం నొక్కుతూనే ఉన్నాడు.

డాక్టరు ముందు గొంతులో గొట్టం వేసి ఊపిరికి దారి చేశాడు. ఆ తర్వాతే దవడ సంగతి. "పడుకోబెట్టి తెచ్చి ఉంటే దారిలోనే పోయేవాడమ్మా" అన్నాడు. భాగ్యమ్మ అప్పుడు ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని.

దవడను ఆరు వారాలు తీగలతో కట్టేశారు. ఇంట్లో చప్పుడు లేదు. మొదటి రోజు హాయిగానే ఉందనుకుంది భాగ్యమ్మ. మూడో రోజుకు ఆ పులి కథ తనకు తానే చెప్పుకోసాగింది.

తీగలు విప్పిన రోజు డాక్టరు ఏదైనా మాట్లాడమన్నాడు. బాలనర్సయ్య పెళ్లాం వైపు గుర్రుగా చూశాడు. పెదవులు కదపడానికి చాలాసేపు పట్టింది.

"పులే."

"ఔనయ్యా, పులే." భాగ్యమ్మ కళ్ల నిండా నీళ్లు. "ఇగ మొదటి సంది చెప్పు, నేను వింట."