చూసేవాళ్ళ పేర్లు

"రేపు షాపులో ఆ ఫరీద్‌ని అడుగు నూబియా, ఏ టీవీ మంచిదో. అతనికైతే తెలుస్తుంది," అన్నాడు నా భర్త ఒస్వాల్దో, వంటింటి గుమ్మంలో నిలబడి.

నేను చేపలకి గాట్లు పెట్టి ఉప్పూ నిమ్మరసమూ పట్టిస్తున్నాను. చేతులు ఆపకుండానే "సరే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చేసిందంటే, దాన్ని నేనే విన్నాకగానీ విషయం తలకెక్కలేదు. మా బర్రాంకీయా ఊళ్ళో, మా పేటకి నాలుగు బస్టాపుల అవతలున్న పెద్ద షాపులో పదకొండేళ్ళుగా టీవీలు అమ్ముతున్నది నేను. ఫరీద్ మా సెక్షన్‌కి వచ్చి మూడేళ్ళయింది. ఏ తీగ ఏ కన్నంలో పెట్టాలో, డబ్బా మీద రాసిన అంకెల్లో ఏది నిజమో ఏది ఉత్త గొప్పో అతనికి నేర్పింది నేనే. ఈ సంగతి ఒస్వాల్దోకి తెలీదా అంటే తెలుసు. భోజనాల దగ్గర చాలాసార్లు చెప్పాను. టీవీ చూస్తూ విన్నాడు.

ఆ టీవీ ఆదివారం మధ్యాహ్నం పోయింది. మ్యాచ్ ఇంకో ఇరవై నిమిషాలుందనగా కరెంటు పోయి, ఒక్క ఉదుటున వచ్చింది. తెర నల్లబడి, వెనకనుంచి కాలిన వాసన. మా పేటలో కరెంటు అలాగే వస్తుంది, స్టెబిలైజర్ కొందామని నేను రెండేళ్ళుగా చెబుతున్నాను. "దానికి దండగెందుకు" అనేవాడు. టీవీ పోయాక, "టీవీల షాపులో పనిచేసేదానివి, గట్టిగా చెప్పొద్దూ?" అన్నాడు.

అతని తమ్ముడు తూలియో, ప్రతి ఆదివారం మా ఇంటికే భోజనానికి వచ్చే మనిషి, "వదిన చెప్పే తీరులో చెప్పుండదు," అని నవ్వాడు. మా అత్తగారు ఎదెల్మీరా తన ఊగుడు కుర్చీలో ముందుకి వంగి, "ఈ ఇంట్లో నాతో మాట్లాడే దిక్కు అదొక్కటే. అదీ పోయింది," అంది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు, ఎడమ చెవి పూర్తిగా వినబడదు, కుడిది సగం. అయినా ఆవిడ చెప్పినదాంట్లో నాకు తగలాల్సింది నాకు తగిలింది.

నా గురించి ఒక విచిత్రం చెప్పాలి. షాపులో రోజంతా నా చుట్టూ నలభై టీవీలు వెలుగుతుంటాయి, అన్నిటికీ గొంతు నొక్కేసి ఉంటుంది. మనుషులు నోళ్ళు కదుపుతారు, ఏడుస్తారు, ముద్దులు పెట్టుకుంటారు, ఒక్క మాటా వినిపించదు. ఇంటికొచ్చాక వంటింట్లో ఉంటాను కాబట్టి మాటలు వినిపిస్తాయి, మొహాలు కనిపించవు. పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో ఎన్నో సీరియళ్ళు నేను గోడవతలనుంచి విన్నాను. ఎవరు ఎవర్ని మోసం చేశారో చెప్పగలను, వాళ్ళు పొడుగో పొట్టో చెప్పలేను. ఒకసారి షాపు తెరమీద ఒకావిడ ఏడుస్తుంటే చాలాసేపు చూసి, ఇంటికొచ్చి రాత్రి మళ్ళీ వేసిన అదే ఏడుపు సీను గోడవతలనుంచి విన్నాక, ఓహో, నేను ఏళ్ళ తరబడి దుర్మార్గురాలనుకున్నది ఈ మంచి మొహం మనిషా అని ఆశ్చర్యపోయాను. ఇది ఎవరితోనూ అనలేదు. నవ్వుతారని కాదు. నవ్వరని.

సోమవారం ఫరీద్‌ని నేనేమీ అడగలేదు. అడగాల్సిన పని అతనికే పడింది. తెల్ల చొక్కా, చేతిలో టోపీ ఉన్న ఒక పెద్దాయన వచ్చాడు. "రండి, ఏ గదికి కావాలి?" అన్నాను. నా భుజం మీదుగా అటూ ఇటూ చూసి, "వీటి గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మాయ్?" అన్నాడు. ఎప్పుడూ చేసేదే చేశాను, ఫరీద్‌ని పిలిచాను. అతను ఐదు నిమిషాలు కబుర్లు చెప్పి, డబ్బా వెతికే నెపంతో నా పక్కకొచ్చి, "అక్కా, ఆయన గదిలో ఎదురుగా కిటికీ ఉందట. ఏది చూపించను?" అన్నాడు. గొంతు తగ్గించి చెప్పాను. అతను వెళ్ళి గొంతు పెంచి చెప్పాడు. పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ అమ్మకం ఫరీద్ పేరున పడింది. ఫరీద్ చెడ్డవాడు కాడు, సాయంత్రం నాకు మొక్కజొన్న రొట్టె కొనిపెట్టాడు. చెడ్డవాడైతే నాకు తేలికయ్యేది.

ఆ రాత్రి ఒస్వాల్దో "అడిగావా?" అన్నాడు. "మన గది కొలిచాను," అన్నాను. నిజంగానే కొలిచాను. పొద్దున ఒస్వాల్దో వెళ్ళాక కుట్టుపని టేపు తీసుకుని, సోఫా వీపునుంచి గోడ దాకా. రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. ముందు వరండా తలుపు తెరిస్తే మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తుందో గుర్తు చేసుకుని నేలమీద సుద్దతో గీత గీశాను. అతను ఆ గీత తొక్కుకుంటూ వెళ్ళి, "శనివారం నేనూ తూలియో వచ్చి చూస్తాంలే," అన్నాడు.

శనివారం పదకొండింటికి వచ్చారు. ఇద్దరూ స్నానాలు చేసి, సెంట్లు పూసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు వచ్చారు. నేను షాపు యూనిఫారంలో ఉన్నాను. తూలియో తిన్నగా డెబ్భై ఐదు అంగుళాల దాని ముందు నిలబడి, "అన్నయ్యా, ఇదీ టీవీ అంటే. బంతి మన ఒళ్ళో పడుతుంది," అన్నాడు.

"మన గదికి యాభై ఐదు చాలు," అన్నాను. "రెండు మీటర్ల దూరంనుంచి అంత పెద్దది చూస్తే మెడ తిప్పుకుంటూ ఉండాలి. మధ్యాహ్నం ఎండ దానిమీదే పడుతుంది, దీని అద్దం మెరుస్తుంది. అత్తయ్యకి వినబడాలంటే తెర కన్నా ముందు మాట స్పష్టంగా ఉండాలి, దానికి కింద పెట్టే స్పీకరు వేరే తీసుకుందాం. టీవీలోనే అన్నీ వస్తాయంటారు గానీ నాలుగేళ్ళకి అది ముసలిదైపోతుంది. నెట్ సినిమాలకోసం వెనక గుచ్చే స్టిక్ విడిగా కొంటే అదొక్కటీ మార్చుకోవచ్చు."

ఇంత పొడుగ్గా నేను ఒస్వాల్దోతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. అతను తమ్ముడి వైపు తిరిగి కన్ను గీటాడు. "చూశావా, మొగుడికి కూడా సరుకు అమ్మేస్తోంది." తర్వాత చెయ్యెత్తి, "ఫరీద్! ఓ ఫరీద్! ఇలా రా తమ్ముడూ. నువ్వు చెప్పు, మా గదికి ఏది?"

ఫరీద్ వచ్చాడు. మామూలుగానే నావైపు చూశాడు. కనుబొమ్మలు కొంచెం పైకెత్తి, చెప్పు అక్కా అన్నట్టు. ఆ చూపు నాకు మూడేళ్ళుగా అలవాటు. ఒక అంకె గొణిగితే చాలు, వేలితో ఒక డబ్బా చూపిస్తే చాలు. నేను నా చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. నాకు కోపం వచ్చి కాదు. అప్పుడే చెప్పేశాను కదా, అందరూ వినేలాగా. రెండోసారి గుసగుసగా చెప్పబుద్ధి కాలేదు, అంతే.

ఫరీద్ ఒక టీవీ చూశాడు, ఇంకోటి చూశాడు. మెడ తుడుచుకున్నాడు. తూలియో కీచెయిన్ తిప్పుతున్నాడు. ఆఖరికి ఫరీద్, "ఒస్వాల్దో అన్నా, నన్నడుగుతారేంటి?" అన్నాడు. "నేను ఈవిణ్ణే అడుగుతాను. షాపులో అందరం ఈవిణ్ణే అడుగుతాం."

ఒస్వాల్దో నవ్వాడు. కాసేపు నవ్వి, ఎవరూ కలవకపోతే ఆపేశాడు. "సరే సరే, ఆ యాభై ఐదే కట్టించు. తొందరగా," అన్నాడు. బిల్లు మీద అమ్మినవారి పేరు రాసే చోట నా పేరు నేను రాశాను. స్టెబిలైజర్ కూడా కలిపాను. ఎవర్నీ అడగలేదు.

ఇంటికి చేరేసరికి ఒస్వాల్దో వాళ్ళమ్మ చెవిలో అరుస్తున్నాడు: "నేనూ తూలియో కలిసి ఎంచామమ్మా! గదికి సరిగ్గా సరిపోయేది! అంతకన్నా పెద్దదైతే మెడనొప్పి!" ఆవిడ తలూపింది. నేను చెప్పులు విప్పి స్టూలెక్కాను. ఎందుకంటే గోడకి బిగించేదాకా వాళ్ళ పని, ఆ తర్వాతది నా పని. తీగలు, వైఫై, పాస్‌వర్డులు, ఎవరి మెయిల్ ఏది, ఎవరి పుట్టినరోజు ఎప్పుడు. మా అమ్మాయి దాయానా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని డబ్బాల్లోని థర్మాకోల్ తుంచుతోంది. దానికి పదహారేళ్ళు. సాయంత్రం ఆరవుతోంది, కొబ్బరన్నానికి గిన్నె పెట్టానుగానీ పొయ్యి ఇంకా వెలిగించలేదు.

తెర వెలిగింది. ఈ టీవీ ఎవరెవరు చూస్తారు, పేర్లు ఇవ్వండి అని అడిగింది. ఐదుగురికి చోటుంది. నేను సోఫా అంచున కూర్చుని రిమోట్‌తో ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ కొట్టాను. ఒస్వాల్దో. దాయానా. ఎదెల్మీరా. "అమ్మకి ఏమిష్టమని అడిగితే ప్రార్థనలని పెట్టు," అన్నాడు ఒస్వాల్దో. పెట్టాను. "తూలియోకి కూడా ఒకటి పెట్టు, ఆదివారాలు వస్తాడుగా." పెట్టాను. ఒక గడి మిగిలింది.

"అది ఫుట్‌బాల్‌కి ఉంచు," అన్నాడు. "నా దాంట్లో సినిమాలతో కలిసిపోకుండా విడిగా."

నా వేలు బటన్ మీదే ఉంది. దాయానా తలెత్తి, "అమ్మ పేరేది?" అంది.

"అమ్మ ఎక్కడ చూస్తుందే?" అన్నాడు ఒస్వాల్దో.

అందులో ఎగతాళి లేదు. నొప్పించాలనీ లేదు. వర్షం పడటంలేదు అన్నట్టు అన్నాడు. నిజమే కదా అని నాకూ అనిపించింది, ఆ అనిపించడమే నన్ను భయపెట్టింది. ఆ ఇంట్లో ఒక ఆటకి పేరు పెట్టడానికి చోటుంది, నాకు లేదు, దానికి నా మనసే ముందుగా ఒప్పేసుకుంటోంది. ఇంకొక్క క్షణం ఆగితే ఫుట్‌బాల్ అని కొట్టేసేదాన్ని. కొట్టలేదు. ఎన్ వెతికాను. యు వెతికాను. నూబియా అని పూర్తిచేశాను.

"ఏయ్, ఫుట్‌బాల్ ఏదీ?" అన్నాడు తూలియో.

"మీ అన్నయ్య దాంట్లో," అన్నాను.

తెర మారింది. స్వాగతం నూబియా అంది. మీకు నచ్చినవి మూడు ఎంచుకోండి అంది. కింద చిన్న చిన్న బొమ్మలు వరసలుగా కదిలాయి. గుర్రాలు, వంటలు, హంతకులు, మంచుకొండలు, పెళ్ళికూతుళ్ళు. పదకొండేళ్ళలో కొన్ని వందలమందికి ఈ పేజీ దాటడం నేర్పించాను. "ఏదో ఒకటి నొక్కేయండమ్మా, తర్వాత మార్చుకోవచ్చు," అని చెప్పేదాన్ని. ఇప్పుడు నొక్కబోతే చెయ్యి ఆడలేదు. దాయానాకి ఏమిష్టమో తెలుసు. ఒస్వాల్దోకి ఏ సినిమా ఎన్నో నిమిషంలో నిద్రొస్తుందో కూడా తెలుసు. నాకు హంతకులు ఇష్టమా? మంచు ఇష్టమా? ఒకప్పుడు ఏమన్నా ఇష్టముండేదా? పెళ్ళికాకముందు మా పిన్ని ఇంట్లో ఏదో చూసి పొట్ట పట్టుకుని నవ్విన గుర్తు ఉంది, ఏం చూసి నవ్వానో గుర్తు లేదు. ఏడుపు రాలేదు. చిన్నప్పుడు లెక్క తెలీక పలక ముందు కూర్చున్నప్పటిలాగా ఉంది, అంతే. తెలీనిది తెలుసుకోవచ్చు కదా.

అంచునుంచి వెనక్కి జరిగాను. సోఫాలో పూర్తిగా ఆనుకుని కూర్చున్నాను. కాళ్ళు పైకి పెట్టుకున్నాను.

"నూబియా, ఆకలేస్తోంది," అన్నాడు ఒస్వాల్దో. "అది దాయానా చూస్తుందిలే, నువ్వు లే."

"నాకేం ఇష్టమో నాకు తెలీదు," అన్నాను. "తెలిసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"ఏమంటోంది?" అంది అత్తగారు, చెవి పక్కన చెయ్యి పెట్టుకుని. దాయానా లేచి వెళ్ళి కుడి చెవిలో గట్టిగా చెప్పింది: "అమ్మకి ఏమిష్టమో అమ్మకే తెలీదట నానమ్మా! తెలిసేదాకా లేవదట!" కిటికీలోంచి ఎదురింటి వరండాదాకా వినబడి ఉంటుంది.

ఊగుడు కుర్చీ ఆగింది. ఆవిడ నావైపు చూసింది. ఈ ఇరవై రెండేళ్ళలో ఆవిడ నన్ను అనని మాట లేదు, ఏదో ఒకటి వస్తుందని నేను సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"నా పేరున ఏం పెట్టారు?"

"ప్రార్థనలమ్మా! నీకిష్టం కదా!"

"నాకిష్టమని ఎవరు చెప్పారురా నీకు?" అంది.

తూలియో నవ్వబోయి, తల్లి మొహం చూసి మానేశాడు. ఒస్వాల్దో మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎక్కడ ఏ తీగ ఊడిందో వెతుకుతున్న మనిషిలాగా. తర్వాత వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె మూత తీసిన చప్పుడు, మళ్ళీ పెట్టిన చప్పుడు, అగ్గిపెట్టె ఎక్కడుందని అడిగిన చప్పుడు. దాయానా నావైపు చూసింది. నేను తెరవైపు చూస్తున్నాను. ఒక బొమ్మ మీద ఆగాను. మంచుదేశంలో పడవల మీద చేపలు పట్టే ఆడవాళ్ళు, బరువైన బూట్లు వేసుకుని, ఏదో అరుస్తూ. మంచు నేనెప్పుడూ చూడలేదు. ఇష్టమో కాదో నొక్కి చూస్తేనేగానీ తెలీదు. గొంతు పెంచాను. నాకోసం, అత్తగారి చెవి కోసం కూడా.

మూడింట్లో మొదటిది ఎంచుకోవడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదని చెప్పను. పెట్టారు. నేను తొందరపడలేదు.