అతిథుల పుస్తకం

బుల్‌డోజరు మొదటి దెబ్బ మిషనక్క కుట్టుమిషను మీద పడింది. "ఒక్క నిమిషం ఆగు నాయనా, మోసుకొస్తాను" అని ఆమె చేతులు జోడించి ఎదురుగా నిలబడే ఉంది. డ్రైవరు కాంట్రాక్టరు వైపు చూశాడు. కాంట్రాక్టరు చేతి గడియారం వైపు చూశాడు. అంతే. ముప్పై రెండు ఇళ్లు మధ్యాహ్నానికి మట్టిదిబ్బలయ్యాయి. అక్కడ దుకాణాల మేడ లేవాలట.

ఆ సాయంత్రమే గుడి పూజారి, మసీదు మౌల్వీ, చర్చి పాస్టరు ఒకచోట కూర్చున్నారు. అంతకుముందు ఎన్నడూ కూర్చోనివాళ్లు. తలా ఒక వారం వంతు వేసుకున్నారు: గుడి మంటపం, మసీదు వరండా, చర్చి బడిగదులు. మూడు చోట్ల ఆడవాళ్లూ ఒకే పొయ్యి మీద వండారు. అన్నం పెట్టిన చేతిని తిట్టే కథ కాదిది. కానీ ఈ కథ వింటున్న కూలి అన్నా, చదువుకునే చెల్లీ, మంచితనానికి కళ్లు కూడా ఉండాలి.

ఎవరెవరు ఉంటున్నారో పుస్తకం రాసి పెట్టమన్నారు పోలీసులు. "ఇల్లు పోయినవాళ్లు" అని రాస్తే మనసు నొచ్చుకుంటారని, పాస్టరు గుండ్రటి అక్షరాలతో "అతిథులు" అని రాశాడు. "మంచి మాట" అన్నారు పూజారి, మౌల్వీ. మిషనక్క కూడా మురిసిపోయింది. ఆమెను ఎవరైనా అలా అని ఎన్నాళ్లయింది?

ప్రతి సోమవారం చాపలు చుట్టుకుని మారడమే. మిషనక్క అత్తది ఉబ్బసం ఒళ్లు. "ఏమే, ఈ వారం ఏ దేవుడింట్లో దగ్గాలి?" అని నవ్వేది. పదకొండో వారం వానలో మారారు. ముసలమ్మ మసీదు మెట్ల మీద ఆయాసపడుతూ కూర్చుంది. మళ్లీ లేవలేదు.

ఆమె పోయిన ఐదో రోజున విచారణ. ఇళ్లు పోయినవాళ్లకు అదే నేలమీద గదులు కట్టివ్వాలని చట్టం. ఆ గదుల కోసం పేటవాళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు. కాంట్రాక్టరు వకీలు పోలీసుల దగ్గర్నుంచి తెప్పించిన ఆ పుస్తకమే అధికారి ముందు తెరిచాడు.

"అతిథంటే ఎవరండీ? సొంతిల్లు ఉండి చుట్టపుచూపుగా వచ్చినవాడు. ఇల్లు పోయినవాడు ఈ పుస్తకంలో ఒక్కడూ లేడు. రాసింది మేం కాదు, దైవసేవకులు."

దరఖాస్తు కొట్టేశారు. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

మిషనక్క బయట పాస్టరును నిలదీసింది. "గౌరవించబోయి గోతిలో దింపారు గదయ్యా. మా అత్త చుట్టపుచూపుకొచ్చి చచ్చిందా?"

పూజారి అందుకున్నాడు. "పైకోర్టుకు వెళదాం తల్లీ. కాస్త ఓపిక పట్టు."

"ఓపిక మా అత్త పట్టింది అయ్యగారూ, చాల్లేదు. మీకు జనం ఉన్నారు. మా వెంట వస్తే రండి. లేకపోతే ఈ జాలి కూడా వద్దు."

మౌల్వీ చెప్పులేసుకున్నాడు. "పొయ్యి ఎక్కడ పెట్టాలో చెప్పమ్మా."

మర్నాడు పొద్దున్నే ఆ పొయ్యి, ఇళ్లు కూల్చిన నేలమీదే వెలిగింది. పునాది గోతుల పక్కన చాపలు పరిచారు. మూడు ప్రార్థనల జనం, నాలుగొందల మంది. "ఇది మన పని కాదు" అని గుడి ధర్మకర్త తాళాలు పట్టుకుని వెళ్లిపోయాడు. పోనీ.

పోలీసులొచ్చారు. వస్తూనే గుండిగను బూటుకాలితో తన్నారు. మరిగే ఎసరు పాస్టరు పాదాల మీద పడింది. ఆయన అరిచిన అరుపుకు పసిపిల్లలు ఏడుపు మరిచిపోయారు.

"ఇళ్లున్నవాళ్లు పక్కకు జరగండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీ జోలికి రాం."

ఎవరూ కదల్లేదు. పూజారి ఇంకాస్త లోపలికి జరిగి మిషనక్క పక్కన కూర్చున్నాడు. "మీరు లేవండి అయ్యగారూ, ముసలి ఎముకలు" అంది ఆమె. "నోరు మూసుకో తల్లీ" అన్నాడాయన. లాఠీ ముందు ఆయన భుజం విరిచింది. తర్వాత ఆమె పళ్లు రాల్చింది.

వ్యాను నలభైమందికే సరిపోయింది. మిషనక్క కిటికీ జాలీకి మొహం ఆనించి, నెత్తురు ఉమ్మి, బయటకు చూసింది. మిగిలినవాళ్లు కూర్చునే ఉన్నారు. రోడ్డు మలుపులో ఇంకో గుంపు కనబడింది. పక్క పేటవాళ్లు. వాళ్ల తలుపులకు నిన్ననే కూల్చివేత నోటీసులు అంటించారు. చాపలు చంకన పెట్టుకుని ఇటే వస్తున్నారు.