నాలుగో చరణం

విమలకుమారి ఉల్లిపాయలు తరుగుతుంటే, భర్త కృపావరం వంటింటి గుమ్మంలో నిలబడి, "వచ్చే ఆదివారం చర్చి యానివర్సరీ. మన పాటకి ఇంకో చరణం కావాలన్నారు పాస్టర్ గారు. రాసిచ్చెయ్," అన్నాడు, కూరలో ఇంకాస్త ఉప్పు వెయ్యమన్నంత తేలిగ్గా.

మన పాటట! చర్చి భోజనాలకి చికెన్ చాల్లేదని, పెద్దల ముందు తల కొట్టేసినట్టయిందని, పోయిన చలికాలంలో అతను పదకొండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఎదురుగా కూచుని కూడా "మీ అమ్మని అన్నం పెట్టమను" అని పాపతో చెప్పించేవాడు. హాస్పిటల్లో డ్యూటీ చేసొచ్చి ఎనభై మందికి ఒక్కత్తే వండిన మనిషికి దక్కిన మర్యాద అది. ఆ పదకొండు రోజుల్లోనే, సింకు పక్కన నిలబడి, సరుకుల కవరు వెనక రాసుకుంది:

ప్రేమతో ఒక కంచమున కూడుదము
ఒకరి గాయములొకరు కడుగుదము

మహానుభావుడు ఆ కవరు పట్టుకెళ్లి, వాళ్లుండే ట్రాయ్ ఊళ్లోని తెలుగు చర్చిలో మైకు ముందు నిలబడి, "తెల్లవారుజామున ప్రార్థనలో దేవుడు నాకిచ్చిన పాట" అని సాక్ష్యం చెప్పాడు. అంతవరకూ ఎడమొహం పెడమొహంగా ఉన్న బాప్టిస్టు శాఖవాళ్లూ లూథరన్ శాఖవాళ్లూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడ్చారు. ఆమెకూ ఏడుపొచ్చింది, ఒళ్లు మండి. ఇంటికొచ్చి అడిగితే, "ఎవరి పేరైతే ఏంటి? భార్యాభర్తలు ఏకశరీరం కదా," అన్నాడు. గిన్నెలు తోమేటప్పుడు మాత్రం ఆ ఏకశరీరానికి ఉన్నవి ఆమె రెండు చేతులే.

"రాస్తావా లేదా?"

"పాటల కాగితం నేనేగా తయారు చేసేది," అంది విమలకుమారి.

కంప్యూటర్లింకా రాని ఆ రోజుల్లో అమెరికాలో తెలుగు టైప్ మిషన్ ఎక్కడ దొరుకుతుంది? ప్రతివారం స్టెన్సిల్ మీద ఆమే చేత్తో గీకి రాసి, చర్చి ఆఫీసులో కాపీలు తీసుకొస్తుంది. కృపావరం దాన్ని మైకు ముందుకెళ్లాక విప్పడమే గాని, ఏనాడూ ముందుగా చూసిన పాపాన పోలేదు.

ఆదివారం కృపావరం మైకు ముందు నిలబడి పాడిస్తుంటే మూడు చరణాలయ్యాయి. అందరూ కాగితం తిప్పారు. అక్కడ నాలుగు అంకె, దాని పక్కన ఖాళీ గీతలు, కింద ఆమె గుండ్రటి అక్షరాల్లో ఒక్క మాట: "ఈ చరణం దేవుడు కృపావరం గారికి ఈ ఉదయమే ఇస్తాడు. వారే పాడి వినిపిస్తారు."

హార్మోనియం మీద పల్లవి ఒకసారి తిరిగింది. రెండోసారీ తిరిగింది. కృపావరం ఆడవాళ్ల వరసకేసి చూశాడు.

విమలకుమారి కూడా అందరిలాగే తలెత్తి, చరణం కోసం ఎదురుచూస్తూ కూచుంది.