తరన్నుమ్ జడలో దూది

జెడ్డా పాతబస్తీ బలద్‌లో అత్తరు దుకాణం పైన ఉన్న గదిలో రోషన్ బీ పొద్దున్నే చేసే మొదటి పని, కూతురు తరన్నుమ్ పక్క చుట్టూ రాలిన దూదిని ఊడ్వడం. గల్ఫ్ యుద్ధం ఏడాది మొదలైంది అది. విషవాయువు వస్తుందని జనం కిటికీలకు టేపులు అంటిస్తుంటే, తరన్నుమ్ జడలోంచి తెల్లటి దూది రాలింది. రోషన్ బీ దాన్ని కిటికీ సందుల్లో కుక్కింది. మిగిలింది దిండ్లకు కూరింది. ఇరుగుపొరుగు హైదరాబాదీలు తలా ఒకటి పట్టుకుపోయారు.

ఆమె భర్త ఖాజావలికే ఆ దూదంటే గుబులు. కడప పక్క పల్లెలో పరుపులకు దూది ఏకిన దూదేకులవాళ్లు ఆయన తాతముత్తాతలు. ఇంట్లో తెలుగు మాట్లాడతారని తోటి సాయిబులే చిన్నచూపు చూసేవాళ్లు. అందుకని జెడ్డాలో దిగగానే ఆయన షేక్ అయిపోయాడు. కూతురి బడిలోనూ అదే రాయించాడు. నాయనా అని పిలిచే పిల్ల చేత అబ్బాజాన్ అనిపించాడు. నీళ్ల ట్యాంకరు నడిపే మనిషికి అంత నటన ఎలా చాతనైందో గానీ, ఎక్కడా మాట జారలేదు.

యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు తరన్నుమ్ సెలవుల్లో ఊరికెళ్లి డాక్టరు చదువుకు ఎంట్రెన్సు రాసొచ్చింది. ఆ ర్యాంకుకు ఓపెన్‌లో సీటు రాదు. దూదేకులవాళ్లకు బీసీల్లో ఉన్న వాటాలో వస్తుంది. షేకులకు ఆ వాటా లేదు.

“తాతల్ని తక్కువ చూసినందుకే గదా ఆ సీట్లు పెట్టింది. అవి గూడా పోగొట్టుకోవల్లా?” అంది తరన్నుమ్ తండ్రితో.

ఖాజావలి ట్యాంకరు తాళాలు తీసుకుని బయటికెళ్లాడు.

ఆ నెలలోనే వాళ్ల ఊరి మండలాఫీసరు దస్తగిరి ఉమ్రా యాత్రకు వచ్చి, శుక్రవారం వాళ్లింటికి భోజనానికొచ్చాడు. కింది అత్తరు దుకాణం నడిపే హైదరాబాదీ జబీ కూడా పక్కనే కూర్చున్నాడు.

“నీ కూతురి కోసరం ఊళ్లో నీ బావమరిది పెట్టిన కుల సర్టిఫికెట్ అర్జీ నా దగ్గరుండాది,” అన్నాడు దస్తగిరి. “బడి కాగితంలో షేక్ అనుండాది. ఊళ్లో అడిగితే దూదేకులోల్లంటారు. నీ నోటితో నువ్వేం చెప్తే అది రాస్తా.”

ఖాజావలి జబీ వైపు చూశాడు. షేక్ అంటే పరువు నిలుస్తుంది, పిల్ల చదువు పోతుంది.

అప్పుడే తరన్నుమ్ కూర తెచ్చింది. తల మీది ఓణీ జారింది. ఫ్యాను గాలికి దూది లేచి అందరి మీదా పడింది. ఎవరూ తలెత్తలేదు. జబీ తన పెరుగులో పడినదాన్ని తీసి పక్కన పెట్టాడు. ఖాజావలి ఆఫీసరు భుజం మీది దూది దులపబోయాడు. వేళ్లు వాటంతటవే ఆ పింజను విడదీసి, గింజ తీసి, మెత్తగా విదిల్చాయి. చిన్నప్పుడు నాయనను కన్న జేజి నేర్పిన పని. తన చేతిని తనే చూసుకున్నాడు.

“దూదేకులోల్లం సార్,” అన్నాడు.

“మాకు ఎరికనే భాయ్,” అన్నాడు జబీ, అన్నం కలుపుకుంటూ. “యుద్ధంల మాకు నిద్రపట్టింది నీ దిండ్ల మీదనే గదా.”

కర్నూలులో సీటొచ్చింది. విమానాశ్రయంలో తరన్నుమ్ అబ్బాజాన్ అనడం మరిచిపోయింది. “పోయొస్తా నాయనా,” అంది. ఖాజావలి అందరిముందూ ఏడ్చేశాడు.

మర్నాటి నుంచి గదిలో ఊడ్వడానికి దూది లేదు. రోషన్ బీ కూరిన చివరి దిండును జబీ అడిగితే ఖాజావలి ఇవ్వలేదు.