యశోదమ్మ షట్టర్

తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో యశోదమ్మకి ఒక అంగడి ఉంది. పప్పులు, బెల్లం, చింతపండు అమ్ముతుంది. మొగుడు పోయి మూడేళ్ళయింది, పిల్లల్లేరు. యాభై మూడేళ్ళ మనిషికి అంగడి నడపడం కష్టమేమీ కాదు. కష్టమంతా పొద్దున ఏడింటికి, ఆ ఇనప షట్టర్ దగ్గరే. మోకాళ్ళ దాకా లేస్తుంది, ఆ పైన ససేమిరా అంటుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఒంటిచేత్తో ఎత్తేవాడు. ఇప్పుడు ఎదురంగడి టైలరు గురప్ప వచ్చి ఎత్తిపెట్టాలి.

గురప్ప ఆమెకంటే ఐదారేళ్ళు చిన్న. వచ్చి, షట్టర్ ఎత్తి, "రాత్రి వాన బాగా పడె గదక్కా" అనో, "ఏం తింటివక్కా" అనో ఒక మాట పడేసి పోతాడు. ఆ పైన బేరాల్లో పడితే, అతని అంగడి ఎప్పుడు తెరుచుకుంటుందో చూసే తీరిక ఆమెకు ఉండదు. ఏడుకి రావాల్సిన మనిషి ఏడూ పదికి వచ్చాడంటే చాలు, యశోదమ్మ లోపల్లోపల తిట్టుకునేది. తాళంచెవి చేత్తో పట్టుకుని మెట్టు మీద కూర్చుంటే, తనకెవరూ లేరన్న సంగతి సందు సందంతా చూస్తున్నట్టు ఉండేది. తన అంగడి తెరవడానికి ఇంకొకరి దయ కావాలా అని ఆమెకు చచ్చేంత చిన్నతనం.

అందుకే 2005 ఎండాకాలంలో డాక్టరమ్మ "ఎముకలు గుల్లబారుతున్నాయి, కాస్త బరువులెత్తడం నేర్చుకోండి" అన్నప్పుడు, ఆమెకు ఎముకలు గుర్తుకు రాలేదు. షట్టర్ గుర్తుకొచ్చింది.

దగ్గర్లో ఉన్న ఒక జిమ్ములో ఆడవాళ్ళకని పదకొండు నుంచి పన్నెండు దాకా ఒక గంట ఇచ్చారు. నేర్పేది నందిని అని పాతికేళ్ళ పిల్ల. ఆ పిల్ల మొదటిరోజు బరువన్నదే ముట్టనివ్వలేదు. స్టూలు మీద కూర్చోమంది, లేవమంది, మళ్ళీ కూర్చోమంది. చివర్లో ఒక ఉత్త కర్ర చేతికిచ్చింది.

"దీనికేనా పాపా నేను అంగడి మూసుకోని వచ్చింది?"

"వొంగేటప్పుడు నడుము కాదమ్మా, తుంటి వొంగల్ల. అది వచ్చినాకే బరువు. ఊపిరి బిగబట్టొద్దు. దినం మార్చి దినం రా. ఇంకా రెండుసార్లు ఎత్తగలను అనిపించేటప్పుడే దించెయ్యల్ల."

యశోదమ్మ కర్ర ఎత్తి, "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టింది. ఒకటి ఏమైందని నందిని అడిగింది. "అంగట్లో కొలిచేటప్పుడు ఒకటి అనంలే పాపా, మొదటిది లాభం" అంది యశోదమ్మ. ఆ రోజు నుంచి నందిని కూడా లాభం అనే మొదలుపెట్టేది. ఎవరో ఒకరు తనతో కలిసి లెక్కపెట్టడం యశోదమ్మకి ఎంత బాగుందో చెప్పలేం.

రెండు కిలోలయ్యాయి, తర్వాత ఐదయ్యాయి. అంతా బాగానే ఉంది గానీ, ముప్పై ఏళ్ళు తూకం వేసిన చెయ్యి అది. కొసరు వెయ్యకుండా పొట్లం కట్టి ఎరగదు. నందిని పదితో ఆపమంటే, ఆ పిల్ల అటు తిరిగేదాకా ఉండి పదకొండోది ఎత్తేది. అలా ఎత్తీ ఎత్తీ, రెండో నెలలో ఒకరోజు చేతులు వణుకుతున్నా వినకుండా కొసరు ఎత్తింది. నడుము కళుక్కుమంది.

"నిన్ను కొసరు ఎవురడిగినారమ్మా ఈడ?" అంది నందిని, బరువు అందుకుంటూ. కోపంతో ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పన్నెండు రోజులు అంగడి మూతపడింది. యశోదమ్మ ఇంట్లో పడుకుని ఫ్యాను వైపు చూస్తూ గడిపింది. మంచినీళ్ళు కావాలంటే గోడ పట్టుకుని తానే లేవాలి. మూడోరోజు ఇక తట్టుకోలేక ఏడ్చింది కూడా. గురప్ప ఒకసారి ఇడ్లీల పొట్లం పట్టుకుని వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"పుత్తూరుకి పోదాం రాక్కా. కట్టు కట్టించుకోనొస్తాం."

"ఎముక విరిగితే గదా కట్టు. పట్టేసిందంతే. పో, నీ పని చూసుకో పో."

పాపం, పొట్లం గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నొప్పి పూర్తిగా పోయాక మళ్ళీ ఉత్త కర్రతోనే మొదలు. ఈసారి నందిని ఎనిమిది అంటే ఎనిమిదే. చెయ్యి ఇంకా ఎత్తుతానంటున్నా దించడం, అబ్బో, ఎంత కష్టమో ఆమెకే తెలుసు. అయినా దించింది. అలా ఐదు నెలలు ఓర్చుకుంది.

కార్తీకంలో ఒకరోజు పొద్దున, గురప్ప ఇంకా రాలేదు. యశోదమ్మ తుంటి వంచి, షట్టర్‌కి దగ్గరగా నిలబడి, ఊపిరి వదులుతూ లేచింది. షట్టర్ గడగడమంటూ పైదాకా పోయింది. సందు మొదట్లో గురప్ప సైకిలు ఆపి చూస్తున్నాడు.

"ఇంక నాతో పని లేదు గదక్కా," అన్నాడు నవ్వుతూ.

"లేదప్పా. నీకూ పీడ వదిలింది."

మరుసటి రోజు ఏడింటికి తానే ఎత్తింది. ఎత్తి వెనక్కి తిరిగి చూస్తే టైలరంగడికి తాళం. ఆ మరుసటి రోజూ తాళమే. నాలుగో రోజు పక్కనున్న టీ బంకు వెంకటమునిని అడిగింది.

"గురప్పకి ఒళ్ళు బాగలేదా?"

"బాగుండాడే. తొమ్మిదికొస్తాడు."

"ఏడుకి గదా వస్తాండె."

వెంకటముని గ్లాసులు కడుగుతూనే చెప్పాడు. "ఆయప్ప అంగడి తెరిసేది ఎప్పుడూ తొమ్మిదికే గదమ్మా. ఏడుకొచ్చి నీ షట్టర్ ఎత్తేసి, మళ్ళా కొర్లగుంటకి ఇంటికి పోయి, తినేసి వస్తాండె."

యశోదమ్మ వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. మూడేళ్ళు. పది నిమిషాల ఆలస్యానికి ఆ మనిషిని ఎన్నెన్ని మాటలు అనుకుంది. సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది. ఎవరో వచ్చి పావుకిలో కందిపప్పు అడిగితే శనగపప్పు కట్టి ఇచ్చింది.

తొమ్మిదికి గురప్ప సైకిలు స్టాండు వేస్తుంటే సందు దాటి ఎదురుగా పోయి నిలబడింది.

"రేపు ఏడుకి రా గురప్పా."

"ఏమక్కా, షట్టర్ బిగుసుకోనిందా?"

"లేదు. బాగనే లేస్తా ఉండాది."

"మరేం పనిక్కా?"

యశోదమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"పనేం లేదప్పా," అంది. "ఊరికే రా."